ఓడే జట్టుకు అభిమానులము

గెలిచేవారి వెంట నడవడానికి ప్రత్యేకమైన శక్తి ఏదీ అక్కరలేదు. ముందు మేళం మ్రోగుతూ ఉంటుంది, దారి దానంతటదే తెలుస్తుంది. ఓడేవారి వెంట నడవడం మాత్రం ఒక అభ్యాసం. ఆ అభ్యాసం మాకు అలవడినది గ్రంథాలయంలో కాదు, తరగతి గదిలో అంతకన్నా కాదు. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రానికి పడమటి కొసన, ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న బఫెలో నగరంలో, మంచుగడ్డ మీద ఆడే హాకీని చూస్తూ అలవరచుకున్నాము. తెలుగు పాఠం చెప్పుకొనే వారికి ఐస్ హాకీతో ఏమి పని అని మా సహాధ్యాపకులు అనేక పర్యాయములు పరిహాసం చేశారు. వారికి ఇంతవరకు చిరునవ్వుతోనే సమాధానం చెప్పాము. ఈ సంచికలో మాటలతో చెప్పదలచాము.

హాకీ అనగానే మన విద్యార్థులకు పచ్చని మైదానం, వంపు తిరిగిన కర్ర, తెల్లని బంతి కళ్ళకు కడతాయి. ఐస్ హాకీ దానికి దాయాదే గాని దాని స్వభావం వేరు. నేలకు మారుగా గడ్డకట్టిన నీరు. బంతికి మారుగా పక్ అనే నల్లని రబ్బరు బిళ్ళ. కాళ్ళకు ఉక్కు అంచుగల స్కేట్లు. గోలుకీపరుతో కలిపి పక్షానికి ఆరుగురు. ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలు. ఆటగాడు నిమిషం పాటు శక్తినంతా ధారపోసి, అలసి, అడ్డుగోడ దాటి వచ్చి కూర్చుంటాడు. మరొకడు ఆ క్షణంలోనే దూకి అతని స్థానంలోకి వెళతాడు. మేము చూచిన కాలంలో నేషనల్ హాకీ లీగులో 30 జట్లు ఉండేవి. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా ఒక్కొక్క జట్టు 82 ఆటలు ఆడేది. వాటిలో మేలైన 16 జట్లకే ప్లేఆఫ్ పోటీలలో ప్రవేశం. అక్కడ నాలుగు అంచెలు గెలిచిన జట్టుకు స్టాన్లీ కప్పు.

మా ఆపా, దుల్హేభాయ్ ఉద్యోగరీత్యా బఫెలోలో కాపురం పెట్టారు. ఎం.ఏ. పూర్తిచేసి, కొలువు కోసం నిరీక్షిస్తున్న రోజులలో, 2014 నవంబరు మొదట మేము వారి ఇంటికి వెళ్ళి సుమారు ఆరు నెలలు ఉన్నాము. మేము చేరిన కొద్ది దినములకే ఆ నగరపు దక్షిణ ప్రాంతాలలో అయిదడుగులకు మించి మంచు కురిసింది. తలుపు తీస్తే ఎదుట తెల్లని గోడ నిలబడి ఉన్నది. బఫెలో సేబర్స్ జట్టుకూ న్యూయార్క్ రేంజర్స్ జట్టుకూ ఆ వారం జరగవలసిన ఆట వాయిదా పడింది. మా మేనల్లుడికి అప్పుడు ఎనిమిదేళ్ళు. రెండు వంపు కత్తులు, వాటి మీదుగా దూకుతున్న అడవిదున్న బొమ్మ గల నీలిరంగు చొక్కా తొడుక్కొని కిటికీ దగ్గర కూర్చుండి, "మంచు కురవకపోతే మనం గెలిచేవాళ్ళం మామూ!" అన్నాడు. అప్పటికి ఆ జట్టు పట్టికలో అట్టడుగున ఉన్నది. అంతకు ముందటి సంవత్సరం కూడా అట్టడుగుననే ముగించింది. అయినా పసివాని మాటలో "మనం" అన్న పదం ఎంత సునాయాసంగా పలికిందో! మా అభిమానం ఆ పదంతోనే మొదలైనది.

బఫెలోను ఆనుకొని లాకవానా అనే చిన్న ఊరున్నది. బెత్‌లెహెం స్టీల్ వారి బ్రహ్మాండమైన ఉక్కు కర్మాగారం అక్కడ ఉండేది. అందులో పని కోసం ఎమెన్ దేశం నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఆ ఊళ్ళో అనేకం. దుల్హేభాయ్‌తో కలిసి జుమా నమాజుకు మేము అక్కడి మసీదుకు వెళ్ళేవారము. ఆ కర్మాగారంలోనే యౌవనమంతా గడిపిన ఒక ఎమెనీ పెద్దాయనతో అక్కడ మాకు పరిచయమైనది. 1983లో కొలుములు చల్లారిపోయాయి. బ్రతుకు తెరువు వెదుకుకొంటూ జనం తరలిపోయారు. 1950లో 5 లక్షల 80 వేల మంది ఉన్న బఫెలో నగరంలో 2010 నాటికి మిగిలినవారు 2 లక్షల 61 వేల మంది. "ఈ ఊరి నుంచి చాలా వెళ్ళిపోయాయి, హాకీ జట్టు మాత్రం వెళ్ళలేదు" అనేవారు ఆయన. 2003 జనవరిలో ఆ జట్టు దివాలా ప్రకటించి, ఎక్కడికి తరలిపోతుందోనని ఊరంతా కలవరపడిన మాట నిజమే. ఆ సంవత్సరమే కొత్త యజమాని వచ్చి దానిని నిలబెట్టాడు.

జట్టు చరిత్రను ఆ పెద్దాయన పురాణం వలె చెప్పేవారు. 1970లో బఫెలో, వాంకూవర్ జట్లు కొత్తగా లీగులో చేరినప్పుడు, మొదటి ఆటగాణ్ణి ఎన్నుకొనే హక్కు ఎవరిదో తేల్చడానికి అంకెల చక్రం త్రిప్పారట. చక్రం 11 దగ్గర ఆగితే లీగు అధ్యక్షుడు దానిని 1గా చదివి వాంకూవర్‌దే గెలుపన్నాడు. బఫెలో శిక్షకుడు పంచ్ ఇమ్లాక్ మళ్ళీ చూడమన్నాడు. చూస్తే 11. ఆ అదృష్టంతో దక్కిన గిల్బర్ట్ పెరో 11 అంకె చొక్కా తొడుక్కొని 17 సీజన్లు బఫెలోకే ఆడాడు. 1975లో కప్పు కోసం ఫిలడెల్ఫియాతో తుదిపోరు. మే నెల ఉక్కకు, చల్లబరచే యంత్రాలు లేని పాత భవనంలో మంచుగడ్డ మీద పొగమంచు లేచింది. ఆటను మాటిమాటికీ ఆపి, ఆటగాళ్ళు చుట్టూ తిరుగుతూ దానిని చెదరగొట్టవలసి వచ్చింది. ఆ పొగమంచులోనే బఫెలో ఆ ఆటను 5-4తో గెలిచింది. కప్పు మాత్రం ఫిలడెల్ఫియాకే పోయింది. 1999లో డల్లస్‌తో మళ్ళీ తుదిపోరు. గోలుకీపర్ డొమినిక్ హాషెక్ కొండవలె నిలిచిన రోజులవి. ఆరవ ఆటలో మూడవ అదనపు భాగంలో బ్రెట్ హల్ గోలు వేశాడు. అతని కాలు గోలు ముందరి నిషిద్ధ ప్రదేశంలో ఉన్నది, ఆనాటి నియమం ప్రకారం ఆ గోలు చెల్లదు, అని బఫెలోవాసుల వాదం. లీగు చెల్లుతుందన్నది, కప్పు డల్లస్‌కు వెళ్ళింది. "అది గోలు కాదు" అన్న మాట ఆ ఊళ్ళో నేటికీ పలకరింపు వంటిది.

అటువంటి ఓటములలో ఒక గాంభీర్యం ఉన్నది. తుదిదాకా పోరాడి ఓడినవారి మీద ఎవరికైనా గౌరవం కలుగుతుంది. మేము వెళ్ళిన సంవత్సరపు ఓటమి ఆ జాతికి చెందినది కాదు.

లీగులో ఒక నియమమున్నది. కొత్తగా వచ్చే యువ ఆటగాళ్ళను ఎన్నుకొనేటప్పుడు బలహీనమైన జట్లకు ముందు అవకాశం ఇస్తారు. బలహీనుడు కోలుకోవాలన్నదే దాని ఉద్దేశం. ఆ సంవత్సరం కానర్ మెక్‌డేవిడ్ అనే కుర్రవాడు రాబోతున్నాడు. తరానికి ఒకడు పుట్టే ఆటగాడని అందరూ అంటున్నారు. అతని తరువాతివాడు జాక్ ఐకెల్. అందరికన్నా క్రింద నిలిచిన జట్టుకు లాటరీలో మొదటి ఎంపిక దక్కే అవకాశం 20 శాతం. అది తప్పినా రెండవ ఎంపిక ఖాయం. అందువలన ఊరిలో సగం మంది తమ జట్టు ఓడిపోవాలని కోరుకోసాగారు.

2015 మార్చి 26, గురువారం. అట్టడుగు నుంచి రెండవదైన అరిజోనా జట్టు బఫెలోకు వచ్చింది. దుల్హేభాయ్ మమ్మల్నీ మేనల్లుణ్ణీ ఆటకు తీసుకొని వెళ్ళారు. అదనపు సమయం మొదలై నిమిషమైనా గడవకముందే అరిజోనా ఆటగాడు శామ్ గాన్యే గోలు వేశాడు. బఫెలో 4-3తో ఓడిపోయింది. ఆ క్షణాన, బఫెలో చొక్కాలు తొడుక్కొన్న జనంలో నుంచి హర్షధ్వానాలు లేచాయి. క్రింద మంచు మీద, ఓడిన ఆటగాళ్ళు తల వంచుకొని నిష్క్రమిస్తున్నారు.

"మామూ, మనవాళ్ళు ఓడిపోతే వీళ్ళెందుకు చప్పట్లు కొడుతున్నారు?" అని అడిగాడు పిల్లవాడు.

దుల్హేభాయ్ నచ్చజెప్పబోయారు. "ఈ ఏడు ఓడితే వచ్చే ఏడు మంచి ఆటగాడు వస్తాడు బేటా."

"మరి ఇప్పుడు ఆడుతున్నవాళ్ళు మంచివాళ్ళు కారా?"

ఇల్లు చేరేదాకా కారులో ఎవరమూ మాట్లాడలేదు.

మరునాడు జుమా. నమాజు ముగిసిన తర్వాత మసీదు మెట్ల మీద ఆ పెద్దాయనకు సంగతంతా చెప్పాము. ఆయన కోపగించుకోలేదు. బూట్లు తొడుక్కొంటూ నిదానంగా ఇట్లా అన్నారు: "కర్మాగారం మూతపడుతుందని మాకు ముందే తెలిసింది. అయినా ఆఖరి షిఫ్టు దాకా పోసినది మంచి ఉక్కే. ఎట్లాగూ పోయేదే గదా అని చెడ్డ ఉక్కు పోయలేదు."

ఓటమిని భరించడం వేరు, ఓటమిని కోరడం వేరు అన్న భేదం మాకు ఆ మెట్ల మీద స్పష్టమైనది. లెక్కలు వేసినవారు మూర్ఖులు కారు. వారి లెక్కలో తర్కమున్నది, చాలాకాలపు వేదన ఉన్నది. కానీ తన పక్షం ఓడాలని ఒక్క రాత్రి కోరుకున్న మనస్సుకు, మరునాడు గెలుపు మీద ఆశ ఏ ముఖంతో కలుగుతుంది?

తరువాతి కథను కాలమే చెప్పింది. జట్టు కోరుకున్నట్టే అట్టడుగున నిలిచింది. ఏప్రిల్ 18న లాటరీ తీశారు. మొదటి ఎంపిక ఎడ్మంటన్‌కు దక్కింది. మెక్‌డేవిడ్ అక్కడికి వెళ్ళాడు. బఫెలోకు ఐకెల్ వచ్చాడు. అతడు ప్రతిభావంతుడే, నాయకుడూ అయినాడు. అయినా అతడున్నంత కాలం జట్టు ఒక్కసారి కూడా ప్లేఆఫ్ గడప తొక్కలేదు. మెడ గాయానికి ఏ శస్త్రచికిత్స చేయించాలన్న విషయంలో వివాదం వచ్చి, 2021లో వేగాస్ జట్టుకు మారాడు. 2023లో అక్కడ కప్పు గెలిచాడు. అంతకు ముందే బఫెలోను విడిచిన రయన్ ఓరైలీ 2019లో సెయింట్ లూయీలో గెలిచాడు. బఫెలో నుంచి ఫ్లోరిడాకు వెళ్ళిన శామ్ రైన్‌హార్ట్ 2024లో తుదిపోరు ఏడవ ఆటలో విజయాన్నిచ్చిన గోలు వేశాడు. మన తోటలో నాటిన మొక్కలు పొరుగువారి పెరట్లో కాయలు కాశాయి. బఫెలో మాత్రం 2011 తర్వాత 2025 వసంతం దాకా, వరుసగా 14 సీజన్లు ప్లేఆఫ్‌కు చేరలేదు. అంత దీర్ఘమైన నిరీక్షణ అంతకు ముందు ఆ లీగులో ఏ జట్టుకూ కలగలేదు.

స్వదేశానికి తిరిగివచ్చినా మా అభిమానం తగ్గలేదు. శీతకాలంలో అక్కడ రాత్రి ఏడు గంటలైతే ఇక్కడ తెల్లవారుజామున అయిదున్నర. ఫజర్ నమాజు ముగించుకొని, చాయ్ పెట్టుకొని, చెవికి యంత్రం తగిలించుకొని వ్యాఖ్యానం వింటాము. 1971 నుంచి 2022 దాకా ఆ జట్టు ఆటలకు స్వరమిచ్చిన రిక్ జెనరే ఓడే ఆటలో పడిన గోలును కూడా కప్పు గెలిచినంత ఉత్సాహంతో ప్రకటించేవాడు. 2023 ఆగస్టులో ఆయన మరణించిన వార్త చదివి, ఆత్మబంధువు పోయినట్లు బాధపడ్డాము. 2021లో వరుసగా 18 ఆటలలో ఒక్క గెలుపూ లేని ఉదయాలు మాకు గుర్తున్నాయి. 2023 వసంతంలో కేవలం ఒక్క పాయింటు తేడాతో ప్లేఆఫ్ తప్పిపోయిన ఉదయమూ గుర్తున్నది. ఆ ఒక్క పాయింటు ముందున్న ఫ్లోరిడా ఆ సంవత్సరమే తుదిపోరు దాకా వెళ్ళింది. ఆ దినం తొమ్మిది గంటలకు తరగతికి వెళ్ళి, ఛందస్సులో గణవిభజన చెప్పాము. ఏ విద్యార్థికీ ఏమీ తెలియలేదు.

ఓడే జట్టు అభిమానికి లభించేది ఏమిటి? ఆటలోని చిన్న సొగసులు కనపడతాయి. ఫలితం మీద ఆశ సన్నగిలినప్పుడు దృష్టి పని మీదకు మళ్ళుతుంది. మూడు గోళ్ళు వెనుకబడి ఉండి, నాలుగు నిమిషాలే మిగిలి ఉండగా, పక్‌కు అడ్డంగా పడుకొనే రక్షకుడు కనపడతాడు. వార్తాపత్రికలో అతని పేరు రాదు. అతణ్ణి చూచి లేచి నిలబడిన నలుగురు ప్రేక్షకులే అతనికి దక్కిన కప్పు.

ప్రియ విద్యార్థులారా, పరీక్షల మాసంలో మీలో కొందరు మా వద్దకు వచ్చి, "ఈసారికి పోనీయండి సార్, సప్లిమెంటరీలో చూచుకుంటాం" అంటారు. తప్పడం నేరం కాదు. చదివి తప్పినవానిని మేము ఎన్నడూ తక్కువ చేయలేదు. వ్రాయకుండా తప్పదలచినవానిని చూచినప్పుడు మాత్రం ఆ గురువారపు చప్పట్లు మా చెవులలో మ్రోగుతాయి. రేపటి లాటరీ మన చేతిలో లేదు. ఈనాటి జవాబుపత్రం మన చేతిలో ఉన్నది. కళాశాల కమిటీ పెద్దలకు కూడా సవినయంగా ఒక మనవి. ఫలితాల పట్టికలో ఉత్తీర్ణుల శాతాన్ని చూచే కళ్ళతోనే, మూడవసారి రుసుము చెల్లించి మళ్ళీ పరీక్షకు కూర్చొనే పిల్లవాణ్ణి కూడా చూడవలసినది. వానికి చప్పట్లు కొట్టేవారు కొందరుండాలి. ఓడిపోయినందుకు కాదు, మళ్ళీ వచ్చి కూర్చున్నందుకు.