చెయ్యి ఎటు పోతే చూపు అటు

సున్నం బట్టీల ఊరు మా పిడుగురాళ్ల. మెయిన్ రోడ్డు మీద లారీ హారన్లకే చెవులు మూసుకునే పిల్లాడికి, అందరి గజ్జెలూ ఒక్కసారిగా మోగే హాలు ఎలా ఉంటుంది? ఆటిజం ఉన్న పిల్లల్ని డ్యాన్సు క్లాసులో చేర్చుకోవడమంటే, నా దృష్టిలో, ముందు ఆ మోత తగ్గించడం. మొదట్లో గజ్జెలు వద్దు. కర్రతో వేసే తాళం, నోటితో చెప్పే జతులు చాలు. నిలబడే చోట సుద్దతో ఒక గీత.

ఆపైన కూచిపూడే సగం పని చేసిపెడుతుంది. ఒకే అడవు మూడు కాలాల్లో మళ్లీ మళ్లీ వస్తుంది. మిగతా పిల్లలు విసుక్కునే ఆ వరసే వీళ్లలో చాలామందికి ఇష్టం. "కళ్లలోకి చూడడండీ" అని తల్లులు దిగులుపడతారు. నందికేశ్వరుడి అభినయదర్పణమేమో చెయ్యి ఎటు పోతే చూపు అటు పొమ్మంటుంది! పతాక హస్తం వెంటే చూస్తూ కుడికి తిరిగిన పిల్లాణ్ణి నేనెందుకు దిద్దాలి? నవరసాలు ముఖంలో పలకకపోతే పోనీ, అభినయం అక్కర్లేని నృత్తం ఉంది కదా.

"డ్యాన్సుతో నయమవుతుందా టీచర్?" అంటారు. డ్యాన్సు వస్తుందమ్మా, అంటాను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. చదువుతోపాటు సాంస్కృతిక జీవితంలోనూ వీళ్లకు వాటా ఉందంది. వెనక వరసలో దాచమని చట్టం చెప్పలేదు. వార్షికోత్సవానికి, చెయ్యి వెంటే చూసే ఆ పిల్లాడి పేరు ముందు వరసలోనే రాశాను. స్పీకర్ల మోత తగ్గించమని సౌండు అబ్బాయికి ముందే చెప్పుకోవాలి.