పిల్ల మాట ఎవరి సొత్తు?

సోలాపూర్ పూర్వభాగంలో మా కుటుంబం నాలుగు తరాలుగా ఉంటోంది. కరీంనగర్ వైపు నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లం. ఇప్పుడు ఇంట్లో మగ్గం లేదు, తెలుగు మాత్రం మిగిలింది. సగం మరాఠీ కలిసిన తెలుగు, హైదరాబాద్ చుట్టాలు విని నవ్వే తెలుగు. ఈ ఏడాది మా ఇంట్లో జరిగిన పెద్ద వాదన ఆ తెలుగు గురించే.

మా చిన్నదానికి తొమ్మిదేళ్లు. నాయనమ్మతో అది చెప్పే ముచ్చట్లను వాళ్లమ్మ, అంటే మా కోడలు, రీల్స్ చేసి పెడుతూ వచ్చింది. ఇన్‌స్టాగ్రామ్‌లో సొంత ఖాతాకు 13 ఏళ్లు నిండాలి. కానీ పెద్దవాళ్లు నడుపుతున్నారని రాసి పెడితే అంతకన్నా చిన్నపిల్లల ఖాతా కూడా నడుస్తుంది. సకినాలు చుడుతూ నాయనమ్మ, మనవరాలు గొడవపడ్డ రీల్‌ను ముంబై, భివండి, సూరత్‌లలోని మనవాళ్లు ఎందరో చూశారు. ఆ తర్వాత ఒక బట్టల దుకాణంవాళ్లు ఫోన్ చేశారు. వాళ్ల గాగ్రా వేసుకుని పిల్ల నాలుగు మాటలు చెప్తే చాలట. బట్టలూ ఇస్తారు, డబ్బులూ ఇస్తారు.

ఇల్లు రెండు పక్షాలైంది. "ఏం పోతది? పోరి ఆడుకుంటనే చెప్తది. మన తెలుగును ఇన్నేండ్లు ఎవరు పట్టించుకున్నరు? ఇయ్యాల నలుగురు వింటున్నరు" అన్నాడు చిన్న కాకా. ఆ మాటలో నిజముంది. బళ్లో మరాఠీ, ఇంగ్లీషు, బజార్లో మరాఠీ, హిందీ. మార్కండేయ రథోత్సవం, బతుకమ్మ తప్పిస్తే మా పిల్లలకు తెలుగు వినపడేది వంటింట్లోనే. తమ మాటను బయటివాళ్లు మెచ్చుకుంటే పిల్లలకు ఆ మాట మీద ఉన్న సిగ్గు పోతుంది. ఆ రీల్స్ చూసి మేమంతా మురిసినవాళ్లమే.

పెద్దత్త మాత్రం ఒప్పుకోలేదు. "మేం కండెలు చుట్టినప్పుడు గూడ గిదే మాట అన్నరు. పిల్లలు ఆడుకుంటనే చేస్తరు అని" అంది.

పెద్దత్త చెప్పింది మా వాడకట్టు చరిత్ర. మగ్గాల ఇండ్లలో రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది పిల్లలే. బీడీల ఇండ్లలో ఆకు కత్తిరించేది, దారం కట్టేది, కట్టలు లెక్కపెట్టేది కూడా వాళ్లే. దాన్ని ఎవరూ కొలువు అనలేదు, ఇంటి పని అన్నారు. కూలి పెద్దల చేతికి వచ్చేది. 1986 బాలకార్మిక చట్టం పిల్లలతో చేయించకూడని పనుల్లో బీడీల తయారీని కూడా చేర్చింది. అయితే కుటుంబమే నడుపుకునే చోటికి ఆ నిషేధం వర్తించదని అదే చట్టంలో ఉంది. అంటే మా గడప దగ్గరికి వచ్చి చట్టం ఆగిపోయింది.

2016లో ఆ చట్టాన్ని సవరించి, 14 ఏళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టకూడదన్నారు. బడి వేళలు దాటాక ఇంటివాళ్లకు సాయం చేయడానికీ, సినిమాలు, సీరియళ్లు, ప్రకటనల్లో నటించడానికీ మినహాయింపు ఇచ్చారు. నటించే పిల్లల కోసం 2017లో నియమాలు వచ్చాయి. రోజుకు 5 గంటలకు మించి పని చేయించకూడదు, విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు. సంపాదనలో కనీసం 20 శాతం పిల్లల పేరున బ్యాంకులో వెయ్యాలి. నిర్మాత జిల్లా మెజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి.

మరి వంటింట్లో ఫోన్ పట్టుకుని తీసే రీల్‌కు నిర్మాత ఎవరు? అమ్మే. కెమెరా పట్టేదీ, బాగా రాలేదు మళ్లీ చెప్పు అనేదీ, డబ్బు తీసుకునేదీ అమ్మే. సినిమా సెట్‌లో పిల్ల అలసిపోతే పక్కనున్న అమ్మ "ఇంక చాలు" అనొచ్చు. ఇంట్లో ఆ మాట ఎవరు అనాలి? అమ్మకు కాదని చెప్పడం తొమ్మిదేళ్ల పిల్లకు చేతనవుతుందా? ఫ్రాన్స్‌లో 2020లో దీనికోసమే ఒక చట్టం చేశారు. 16 ఏళ్లలోపు పిల్లలు వీడియోలతో సంపాదించిన డబ్బులో ఎక్కువ భాగం వాళ్లకోసం దాచాలి. తమ వీడియోలు తీసెయ్యమని అడిగే హక్కు పిల్లలకే ఇచ్చారు. అమ్మానాన్నల ఒప్పుదల కూడా అక్కర్లేదు.

డబ్బు కన్నా మమ్మల్ని కలవరపెట్టింది ఇంకొకటి. చిన్నది ఏ మాటకు జనం నవ్వుతున్నారో గుర్తుపట్టింది. ఆ మాటలనే సాగదీసి, ముఖం వంకర తిప్పి చెప్పడం మొదలుపెట్టింది. ఒకరోజు నాయనమ్మ నిజంగానే కోప్పడితే, "ఆగు నాయనమ్మా, అమ్మ ఫోన్ తెస్తది, మళ్లొకసారి తిట్టు" అంది. అందరం నవ్వాం. నాయనమ్మ నవ్వలేదు. ఆ తర్వాత ఫోన్ కనపడితే ఆమె మాట తగ్గించింది. నాలుగు తరాలు కాపాడుకున్న మాట ఇంట్లో మాట్లాడుకోవడానికి కాకుండా చూపించడానికి మాత్రమే మిగిలితే, దాన్ని లక్షమంది చూసి ఏం లాభం?

అందరం కూర్చుని కొన్ని మాటలు అనుకున్నాం. దుకాణంవాళ్లకు వద్దని చెప్పాం. పిల్ల ఏడుపు, జ్వరం, బడి దుస్తులు, ఇంటి గల్లీ వీడియోలో కనపడకూడదు. ఒకసారి చెప్పిన మాట మళ్లీ చెప్పించకూడదు. పిల్ల తీసెయ్యమంటే ఎందుకని అడగకుండా తీసెయ్యాలి. ఎప్పుడైనా డబ్బు వస్తే 20 శాతం కాదు, మొత్తం తన పేరునే వెయ్యాలి. నాయనమ్మ కథలు, సామెతలు, వంటల ముచ్చట్లు గొంతు వరకే రికార్డు చేసి ఇంటివాళ్లకోసం దాచుకుంటున్నాం.

కోడలికి కొంచెం కష్టమనిపించింది. ఆమె చేసినదాంట్లో ఆశకన్నా ముచ్చటే ఎక్కువని మాకు తెలుసు, ఆ మాట ఆమెతో చెప్పాం. చిన్న కాకా ఇంకా ఒప్పుకోలేదు. "మీరు వద్దంటే పోరి పెద్దయినంక మిమ్మల్నే అడుగుతది" అంటున్నాడు. అడగనివ్వండి. అప్పటికి తన ముఖం, తన మాట తన చేతిలోనే ఉంటాయి, ఏం చేసుకోవాలో తనే చూసుకుంటుంది. మీ ఇండ్లలోనూ ఇట్లాంటి పిల్లలు ఉండే ఉంటారు. దుకాణంవాళ్ల ఫోన్ రాకముందే ఇంటిల్లిపాదీ ఒకసారి కూర్చోండి. నాయనమ్మలను కూడా కూర్చోబెట్టండి.