మూడు కార్బురేటర్లు, ఒక స్పోకు పుల్ల

మా నాన్న షెడ్డులో దాన్ని అందరూ కార్పొరేటర్ అనేవాళ్ళు. విజయవాడ ఆటోనగర్‌లో మున్సిపల్ ఎన్నికలొచ్చినప్పుడల్లా ఆ మాట మీద ఒకే జోకు నడిచేది: రెండిటికీ తాగడమే పని, అప్పుడప్పుడూ విప్పి కడక్కపోతే రెండూ మొరాయిస్తాయి. అసలు మాట కార్బురేటర్ అని నాకు ఇంజినీరింగ్‌లో చేరాకే తెలిసింది. తెలిసి ఇరవై ఏళ్ళు దాటినా, అమెరికాలో మా పక్కింటి గరాజ్‌లో బోనెట్ కింద తల పెట్టినప్పుడు ముందు నోటికొచ్చేది ఆ కార్పొరేటరే.

మేముండేది ట్రాయ్‌లో. మిషిగన్ రాష్ట్రం, డెట్రాయిట్‌కి ఉత్తరాన. కార్ల కంపెనీల చుట్టూ సాఫ్ట్‌వేర్ రాసుకుంటూ బతికే తెలుగువాళ్ళం ఇక్కడ చాలామందిమే ఉన్నాం. నేను రాసేది యాక్సిలరేటర్‌కి సంబంధించిన కోడ్. ఇప్పటి కార్లలో పెడల్‌కీ ఇంజన్‌కీ మధ్య తీగ లేదు, ఊచ లేదు. కాలు ఎంత నొక్కిందో సెన్సర్ చెప్తుంది, గాలిని ఎంత లోపలికి వదలాలో కంప్యూటర్ తేల్చుకుంటుంది. అంటే నాన్న బతుకంతా సరిచేసిన ఊచల్ని కార్లలోంచి శాశ్వతంగా తీసేసిన పనికే నేను జీతం తీసుకుంటున్నాను. ఈ సంగతి నాన్నకి ఎప్పుడూ ఇలా చెప్పలేదు. "కంప్యూటర్ పని" అంటాను, ఆయన ఊరుకుంటాడు.

పక్కింటాయనకి డెబ్భై అయిదేళ్ళు. గరాజ్‌లో 1965 పాంటియాక్ జీటీఓ ఉంది. పాంటియాక్ అనేది మాకు వాయవ్యంగా ఉన్న ఊరి పేరు కూడా. ఆ కార్ల ఫ్యాక్టరీ ఆ ఊళ్ళోనే ఉండేది. 1964లో ఆ కంపెనీవాళ్ళు మధ్యరకం కారులో, పెద్ద కార్లకి పెట్టే 389 క్యూబిక్ అంగుళాల ఇంజన్ పెట్టి, ఫెరారీ దగ్గర్నించి పేరు అరువు తెచ్చుకుని జీటీఓ అని వదిలారు. మజిల్ కార్ల జాతర అక్కణ్ణించే మొదలైందని చాలామంది అంటారు. పక్కింటాయన అయితే అనడు, ప్రమాణం చేస్తాడు.

ఆయన కారు ఇంజన్ మీద మూడు రోచెస్టర్ కార్బురేటర్లు వరసగా ఉంటాయి. దాన్ని ట్రైపవర్ అంటారు. మామూలు ఇంజన్‌కి 335 హార్స్‌పవర్ అయితే ఈ మూడిటితో 360. కానీ మూడూ ఎప్పుడూ పని చెయ్యవు. బజారుకెళ్ళి కూరలు తెచ్చుకునేంతసేపూ నడిమి కార్బురేటర్ ఒక్కటే ఇంజన్‌ని నడిపిస్తుంది. చోకు కూడా దానికే. కాలు బాగా లోపలికి నొక్కినప్పుడే ముందుదీ వెనకదీ కళ్ళు తెరుస్తాయి. ఎప్పుడు తెరవాలో వాటికి చెప్పేది లింకేజీ: కొన్ని ఊచలు, మీటలు, చిన్న చిన్న క్లిప్పులు. గేరు మార్చుకునే కార్లకి అది పూర్తిగా ఊచల మీద నడిచేది. ఆటోమేటిక్ కార్లకి మాత్రం ఇంజన్ లోపలి వాక్యూమ్‌తో నడిపారు. నడిమిది తగినంత తెరుచుకోగానే ఒక స్విచ్ ఆ వాక్యూమ్‌ని చిన్న డబ్బాలోకి వదులుతుంది. డబ్బాలో ఉన్న పొర ఒక ఊచని లాగుతుంది. ఊచ రెండు చివరి కార్బురేటర్లనీ తెరుస్తుంది.

ఈయనది ఆటోమేటిక్. కానీ నేను మొదటిసారి చూసినప్పుడు దాని మీద ఉన్నవి మామూలు ఊచలే. డబ్బా, స్విచ్ ఎప్పుడో పీకేశారు. అప్పట్లో కుర్రాళ్ళు చాలామంది చేసిన పనేనట అది. డబ్బా పొర చిరుగుతుంది, గాలి కారుతుంది, కాలు నొక్కాక ఒక క్షణం ఆలస్యమవుతుంది. వుడ్‌వర్డ్ అవెన్యూ మీద రాత్రిపూట సిగ్నల్ దగ్గర పక్క కారుతో పందెం కాసేవాడికి ఆ క్షణమే ప్రాణం. అందుకని పీకి అవతల పారేశారు. అలా చెత్తలో కలిసినవే ఇప్పుడు దొరకవు. పక్కింటాయన పన్నెండేళ్ళుగా వెతికి డబ్బా సంపాదించాడు, స్విచ్ సంపాదించాడు. ఒక్క ఊచ మిగిలింది. డబ్బానీ కార్బురేటర్ మీటనీ కలిపే ఊచ, జానెడు కూడా ఉండదు.

ఓ ఆదివారం నాన్నకి వీడియో కాల్ చేసి ఫోను ఇంజన్ మీద పెట్టాను. నాన్నకి ఇంగ్లీషు రాదు. ఆయన్నీ కారునీ ఒక నిమిషం చూశాడు. "నడిమిది ముందు, పక్కవి తర్వాత, అంతేగా?" అన్నాడు. నేను వివరించబోతుంటే ఆపి, "ఆ పుల్ల లేదా? స్పోకు వంచి పెట్టరా, పది నిమిషాల పని. దానికి పన్నెండేళ్ళు వెతకడమేంట్రా, మతి గానీ పోయిందా ఆయనకి?" అన్నాడు. పక్కింటాయన నావైపు చూసి, మీ నాన్న ఏమంటున్నారు అని అడిగాడు. కారు చాలా బాగుందంటున్నారు అని చెప్పాను.

ఆ సాయంత్రం నిజంగానే ఒకటి వంచాను. ఆటోనగర్ రక్తం కదా, ఊరుకోలేకపోయాను. కొలతలు తీసుకుని, హార్డ్‌వేర్ షాపులో ఇనప ఊచ కొని, రెండు చివర్లా వంపులు తిప్పి పట్టుకెళ్ళాను. సరిగ్గా సరిపోయింది. ఆయన చాలా మర్యాదగా థాంక్స్ చెప్పి, దాన్ని తీసి గోడ మీద మేకుకి తగిలించాడు. నాకు ఒళ్ళు మండింది. కొత్తగా తయారుచేసిన నకళ్ళు మార్కెట్లో దొరుకుతాయి, అవీ వద్దంటాడు. పూత మెరుపు వేరంటాడు, వంపు దగ్గర అచ్చు గీత లేదంటాడు. బోనెట్ మూస్తే ఎవడికి కనపడుతుందండీ ఆ గీత? ఇల్లు నిండి డబ్బుండి, చెయ్యడానికి పని లేనివాళ్ళ జబ్బు ఇది అని ఇంటికొచ్చి మా ఆవిడతో అన్నాను. చాలా రోజులు అదే నా అభిప్రాయం.

అక్టోబర్‌లో పెన్సిల్వేనియాలోని హర్షీలో పాత కార్ల సామాన్ల సంత జరుగుతుంది. చాక్లెట్ల హర్షీయే. ఆయనకి హైవే మీద చూపు ఆనదు, పిల్లలు వేరే రాష్ట్రాల్లో ఉన్నారు. నేను తీసుకెళ్తానన్నాను. ఎనిమిది గంటల డ్రైవు. సంత చూశాక నాకు నోట మాట రాలేదు. మైదానాల నిండా వేలకొద్దీ దుకాణాలు, టార్పాలిన్ పట్టాల మీద తుప్పు పరిచి అమ్ముతున్నారు. మన ఆటోనగర్ పాతసామాన్ల వరసని తీసుకొచ్చి పచ్చగడ్డి మీద పరిచినట్టు. బేరాలు కూడా అచ్చం అలాగే: కావలసినదాన్ని చూడనట్టు నటించి, పక్కదాని ధర అడగడం.

రెండో రోజు మధ్యాహ్నం ఒక అట్టపెట్టెలో, చీటీలు కట్టిన ఊచల కట్ట మధ్య దొరికింది. ఆయన కళ్ళజోడు పెట్టుకోలేదు. వేలితో తడిమాడు, వంపు దగ్గర ఆగాడు. మూడొందల డాలర్లు అన్నారు. బేరం చెయ్యకుండా ఇచ్చేసి, అక్కడే ఎవరిదో మడత కుర్చీలో కూచుండిపోయాడు.

తిరిగొచ్చేటప్పుడు చీకట్లో, నేను అడక్కుండానే చెప్పాడు. కారు ఆయనది కాదు, అన్నది. అన్న పాంటియాక్ ఫ్యాక్టరీలో పనిచేస్తూ, జీతంలో దాచుకుని కొత్తది కొన్నాడు. తర్వాత వియత్నాం వెళ్ళాడు. వెళ్తూ చెప్పింది ఒకటే: నడుపుకో, బోనెట్ మాత్రం తెరవకు. 1968లో తమ్ముడికి పందొమ్మిదేళ్ళు. ఓ శనివారం స్నేహితులతో కలిసి బోనెట్ తెరిచాడు, డబ్బా పీకి ఊచలు బిగించాడు, వరసగా నాలుగు పందేలు గెలిచాడు. 1970లో అన్న తిరిగొచ్చి బోనెట్ ఎత్తి చూశాడు. తిట్టలేదు, కొట్టలేదు. మూసేసి, "నువ్వే ఉంచుకో" అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ ఆ కారెక్కలేదు. పండగలకి కలిసేవారు, మాట్లాడుకునేవారు, ఆ కారు గురించి తప్ప. అన్న పోయి రెండేళ్ళయింది.

"ఆయన ఉండగా దొరికుంటే చూపించేవారా?" అని అడిగాను. చాలాసేపు జవాబు రాలేదు. నిద్రపోయాడేమో అనుకున్నాను. "గరాజ్ తలుపు తెరిచి పెట్టేవాణ్ణి" అన్నాడు.

ఊచ బిగించడానికి నిజంగానే పది నిమిషాలే పట్టింది. వుడ్‌వర్డ్ మీదికి తీసుకెళ్ళాం. నన్నే నడపమన్నాడు. రోడ్డు ఖాళీగా ఉన్నచోట కాలు లోపలికి నొక్కితే, ఆయన చెప్పిన ఆ ఆలస్యం, ఆ ఒక్క క్షణం, స్పష్టంగా తెలిసింది. తర్వాత ముందూ వెనకా రెండూ ఒక్కసారే తెరుచుకున్నాయి. ఆ హోరు రాయడం నా వల్ల కాదు. ఆయన కిటికీ వైపు తిరిగి కూచున్నాడు.

క్రిస్మస్ సెలవుల ముందు ఫోన్లో నాన్న మాటవరసకి అన్నాడు, జీపు ఇచ్చేశానని. హైదరాబాదు నుంచి ఎవరో కుర్రాడొచ్చాడట, పాత జీపులు కొని కొత్తవాటిలా చేస్తాడట. మంచి ధర ఇచ్చాడు. పనికిరానివన్నీ తీసేసి అన్నీ ఒరిజినల్ సామాన్లు వేస్తున్నాడని నాన్న గర్వంగా చెప్పాడు.

నాకు ముందు గుర్తొచ్చింది జీపు కాదు. 1988లో, నాకు ఆరేళ్ళప్పుడు, తిరువూరులో పెళ్ళి చూసుకుని రాత్రి తిరిగొస్తున్నాం. మైలవరం దాటకముందే ఎక్సలేటర్ ఊచ విరిగింది. అమ్మ ఒళ్ళో నేను, ఒళ్ళు కాలిపోయే జ్వరం. నాన్న సైకిల్ షాపువాణ్ణి నిద్ర లేపి రెండు స్పోకులు తెచ్చాడు. ఒకటి పల్చనవుతుందని రెండూ మెలేసి, టార్చి నోట కరిచి, కటింగ్ ప్లేరుతో వంచాడు. మొదటి వంపు దగ్గర ప్లేరు జారి చేతికి గీరుకుంది. అక్కడ ఊచ మీద కూడా ఒక సొట్ట పడింది. ఇంటికెళ్ళాక మారుద్దాం అన్నాడు. మార్చలేదు. ముప్పై ఏళ్ళు పైగా జీపు దానిమీదే నడిచింది.

"నాన్నా, ఆ స్పోకు పుల్ల ఏం చేశారు?"

"ఏ పుల్ల?" అన్నాడు. చెప్పాను. నవ్వాడు. "పాత ఇనుములో పోయుంటుందిరా. నీకెందుకది, అమెరికాలో సైకిల్ పుల్లలు దొరకవా?"

ఏం చెప్పాలో తెలియలేదు. ఊరికే అడిగానన్నాను.

సంక్రాంతికి ఇక్కడికొస్తున్న వాళ్ళెవరితోనో అమ్మ పచ్చళ్ళు పంపింది. గోంగూర సీసాకీ కారప్పొడికీ మధ్య, ఈనాడు పేపర్లో చుట్టి, రెండు స్పోకులు మెలేసిన ఊచ. నాన్న మళ్ళీ వంచాడు. చెయ్యి వణుకుతోందని అమ్మ అంటూనే ఉంది, అయినా వంపులు ఎంత నున్నగా తిరిగాయో. సొట్ట లేదు.

పక్కింటాయన గరాజ్‌కి తీసుకెళ్ళాను. ఎందుకో నాకూ తెలీదు. ఆయన దీపం కిందకి పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు, మెలికలు లెక్కపెట్టాడు. మీ నాన్న చేసిందేనా అన్నాడు. అవునన్నాను.

"ఏ సంవత్సరం?"

"1988" అన్నాను.

ఆయన బొటనవేలు చివర కత్తిరించిన చోట, తళతళమంటున్న చోట, కాసేపు ఆగింది. ఏమీ అనలేదు. చేతిగుడ్డతో ఒకసారి తుడిచి, నా చేతిలో పెట్టాడు.