వంతపాట

‘వంత పాడటం’ అనే మాటకు నేటి వాడుకలో గౌరవం తక్కువ. సొంత ఆలోచన లేక, బలవంతుడు పలికిన ప్రతి మాటకూ తల ఊపేవాణ్ణి ‘వంత పాడుతున్నాడు’ అని ఆక్షేపించడం పరిపాటి. కానీ ఆ మాటకు నెలవైన కథాగాన వేదికను పరికిస్తే, వంత పాడేవాని స్థానం చులకనైనది కాదని తెలుస్తుంది. బృందంలో కొత్తగా చేరి, అందులో తన పాత్ర ఏమిటో తోచక తడబడే యువకళాకారునికి ఆ వేదిక నేర్పే పాఠం విలువైనది.

గుడివాడ, మచిలీపట్నం, దివిసీమ ప్రాంతాల గ్రామాలకు బుర్రకథ చిరపరిచితమైన కళ. జంగం కథ నుంచి రూపుదిద్దుకొన్న ఈ ప్రక్రియను 1940ల దశకంలో ప్రజానాట్యమండలి కళాకారులు కృష్ణా, గుంటూరు జిల్లాలలో ఊరూరా వినిపించారు. సుంకర సత్యనారాయణ ‘కష్టజీవి’ వంటి కథలు రచించారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో జన్మించిన షేక్ నాజర్ ‘పల్నాటి యుద్ధం’ మొదలైన కథలతో ఈ కళకు ఎనలేని కీర్తి సంపాదించి, 1986లో పద్మశ్రీ పురస్కారం అందుకొన్నారు.

బుర్రకథ దళంలో ముగ్గురు ఉంటారు. మధ్యలో నిలిచే కథకుడు భుజాన తంబుర ధరించి, చేతి అందెలు మోగిస్తూ, ఆడుతూ పాడుతూ కథ నడుపుతాడు. అటొకరూ ఇటొకరూ నిలిచే ఇద్దరూ వంతలు. వారి చేతిలోని వాద్యం డక్కీ. వంతలలో ఒకరు హాస్యం పండిస్తారు. మరొకరు లోకం పోకడలను, రాజకీయాలను ప్రస్తావిస్తారు. జనం చూపులు కథకుని మీదనే ఉంటాయి. కానీ జనం పాదాలు కదిలేది డక్కీ దరువుకు. కథకుడు చరణం ముగించగానే వంతలు పల్లవి అందుకొంటారు. ఆ కొద్ది క్షణాలలోనే కథకుడు ఊపిరి తీసుకొని, రాబోయే ఘట్టాన్ని స్మరించుకొంటాడు. వంత ఒక్క దరువు ముందుగా ఆగితే కథలో వెలితి ఏర్పడుతుంది. ఒక్క దరువు సాగదీస్తే కథకుని వేగం కుంటుపడుతుంది.

కొత్తగా డక్కీ పట్టినవానికి రెండు ప్రమాదాలు పొంచి ఉంటాయి. అందరి దృష్టీ తనపై పడాలన్న ఆరాటంతో చేతనైన దరువులన్నీ ఒకేసారి వాయించడం మొదటిది. తప్పు దొర్లుతుందేమోనన్న భయంతో వినబడీ వినబడకుండా వాయించడం రెండవది. మొదటివాడు కథను ముంచుతాడు. రెండవవాడు కథను ఒంటరిని చేస్తాడు. రెండింటికీ మూలం ఒక్కటే. అతడు తనను గురించి ఆలోచిస్తున్నాడు కాని కథను వినడం లేదు. ఏ క్షణంలో కథకు ఏది అవసరమో వినగలిగిన నాడు, కొద్దిపాటి దరువులే వచ్చినా అతడు దళానికి పనికివస్తాడు. కరుణ రసం పండే చోట చేతిని ఆపడం కూడా అతని విద్యలో భాగమే.

వంత కేవలం తల ఊపేవాడు కాడనడానికి మరొక నిదర్శనం ఉంది. కథ మధ్యలో అతడు ప్రశ్నిస్తాడు, సందేహిస్తాడు, ఎగతాళి చేస్తాడు. శ్రోతల మనసులోని మాట అతని నోట వెలువడుతుంది. మొవ్వ మండలంలోని కూచిపూడి గ్రామం లోకానికి అందించిన భామాకలాపంలోనూ ఇటువంటి ఏర్పాటే కనిపిస్తుంది. సత్యభామ వైభవమంతా మాధవి అడిగే ప్రశ్నల వల్లనే వెల్లడవుతుంది. సూత్రధారుడే ఆ మాధవి పాత్రను నిర్వహించడం కూచిపూడి సంప్రదాయం. ప్రశ్నించే తోడు లేనిదే కథానాయిక అంతరంగం మనకు అందదు.

కళాశాలల వేడుకలలో గిటార్లు, డ్రమ్ములతో పాడే నేటి యువబృందాలలో ఈ బాధ్యతకు సన్నిహితమైనది బేస్ గిటారు వాయించేవానిది. లియో ఫెండర్ రూపొందించిన ఎలక్ట్రిక్ బేస్ గిటారు 1951లో అమెరికా విపణిలోకి వచ్చింది. అంతకుముందు ఆ పనిని మనిషెత్తు డబుల్ బేస్ నిర్వహించేది. సాధారణంగా బేస్ గిటారుకు ఉండే నాలుగు తీగలు మామూలు గిటారులోని నాలుగు మంద్ర తీగలకన్నా ఒక స్థాయి దిగువన పలుకుతాయి. అది ఒక చేత్తో తాళాన్నీ, మరొక చేత్తో రాగాన్నీ పట్టుకొని రెంటినీ కలుపుతుంది. పైన మోగే స్వరాలు అవే అయినా, అడుగు స్వరం మారితే వాటి భావమే మారిపోతుంది. శ్రోత దానిని ప్రత్యేకించి గుర్తించకపోవచ్చు; అది ఆగిపోయినప్పుడు మాత్రం పాట డొల్లగా వినిపిస్తుంది.

గుడివాడ ప్రాంతం ఇచ్చిన ఇద్దరు మహాకళాకారుల జీవితం ఈ సందర్భంలో స్మరణీయం. 1944లో వచ్చిన ‘శ్రీ సీతారామ జననం’ చిత్రంలో రామాపురానికి చెందిన అక్కినేని నాగేశ్వరరావు శ్రీరామునిగా నటించారు. 1922లో చౌటపల్లిలో జన్మించిన ఘంటసాల వేంకటేశ్వరరావు అదే చిత్రంలో బృందగానంలో ఒక గొంతుగా నిలిచారు; చిన్న వేషమూ వేశారు. విజయనగరం సంగీత కళాశాలలో శాస్త్రీయ సంగీతం అభ్యసించిన విద్వాంసుడాయన. అయినా సినిమాలో ఆయన తొలి అడుగు పదిమంది గొంతులలో గొంతు కలపడమే. తొమ్మిదేళ్ల తరువాత, 1953లో ‘దేవదాసు’ విడుదలయ్యే నాటికి ఆ గొంతే తెరపై అక్కినేని గానమైంది. అప్పుడు కూడా ఘంటసాల తెర మీద కనిపించలేదు. నేపథ్యమంటే తెర వెనుక స్థానమే కదా! కనిపించని చోట నిలిచి కనిపించేవానికి ప్రాణం పోయడాన్ని ఆయన మహోన్నత కళగా మలిచారు.

డెల్టాలో కృష్ణ కాలువల పేర్లు అందరికీ తెలుసు. చేలోకి నీరు చేర్చే పంటబోదెకు మాత్రం పేరుండదు. బోదె పూడిపోయిన ఏడు కాలువ నిండుగా పారినా ఆ చేను ఎండుతుంది. బృందంలో వంతకు ఉన్న విలువ అటువంటిదే. అతడు మధ్యస్థానానికి చేరనూవచ్చు, జీవితమంతా పక్కనే నిలవనూవచ్చు. ఎక్కడ నిలిచినా, తోటివారిని శ్రద్ధగా వింటూ అవసరమైన చోట పలికి, అవసరమైన చోట ప్రశ్నించి, అవసరమైన చోట మౌనం వహించగలిగినవాడే నిజమైన కళాకారుడు. అటువంటివాడు పాడేదే అసలైన వంతపాట.