ఆరాయిష్

మా రుద్రారం నుంచి పాతబస్తీకి వెళ్లినప్పుడల్లా పత్తర్‌గట్టి రాతి కమానుల కింద కాసేపు నిలబడతాను. అందమైన కట్టడమే, కాదనను. కాని దాని పునాదుల్లో ప్లేగు ఉందని మన విద్యార్థుల్లో ఎందరికి తెలుసు?

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ కన్నీళ్లు ఆరకముందే, 1911లో హైదరాబాదులో ప్లేగు చెలరేగింది. మరుసటి ఏడు నిజాం సర్కారు ఒక సంస్థను నెలకొల్పింది. పేరు ఆరాయిష్-ఎ-బల్దా. బల్దా అంటే నగరం. ఆరాయిష్ అంటే అలంకరణ! జనం ప్లేగుతో చస్తుంటే ఏలినవారికి తోచిన మాట అది.

ప్లేగును మోసేది ఎలుక ఒంటిమీద బతికే చిన్న పురుగు. 1898లోనే సైమండ్ అనే ఫ్రెంచి వైద్యుడు ఈ సంగతి కనిపెట్టాడు. వెలుతురు చొరని మట్టిగదిలో, ధాన్యం మూటల పక్కన పడుకున్నవాణ్ణే అది ముందు కుడుతుంది. ఊరి వెలుపలి బంగళా దాకా దానికి దారి దూరం. అంటే రోగానికి మూలం ఇరుకు, పేదరికం. ఆ సంస్థ ఇరుకు వాడలను కూల్చింది, రోడ్లు వెడల్పు చేసింది, కొన్నిచోట్ల ఇళ్లూ కట్టింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. మంచినీటి మేలును తక్కువ చేయడం అన్యాయం. అయితే ఖజానా నింపిన జిల్లాల రైతుకు ఆ కుళాయి అందలేదు.

మా వైపు నేటికీ అదే తంతు. 1965 నుంచి మంజీర నీరు రాజధానికి పోతోంది. పొరుగునున్న పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీలు వెలిశాయి. అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు! ఆ నీటిలో బతికి బట్టకట్టిన సూక్ష్మజీవి ఇక ఆ మందుకు లొంగదు. శుద్ధి చేశామన్న నీటి సంగతి ఇది.

మా వీధిలో బోరునీళ్లు ఎవరూ నోట పెట్టరు, డబ్బానీళ్లు కొంటాం. బీహారు నుంచి, ఒడిశా నుంచి వచ్చిన కూలీలు మా వెనక వీధిలో ఒక్కో రేకుల గదిలో ఆరుగురేసి ఉంటారు. జ్వరం వస్తే ఆసుపత్రికి పోరు, ఒక పూట కూలి పోతుందని. మందుల దుకాణంలో రెండు బిళ్లలు కొని మింగి, షిఫ్టుకు పోతారు.