ఇంటి కాగితములు

పొలము దస్తావేజులను పెట్టెలో భద్రపఱచి, ఆఁడువారి జాబులను పొయ్యి రాజేయుటకు వాడుట మన యిండ్లలో నలవాటు. అమెరికాలోని రాడ్‌క్లిఫ్ స్త్రీల కళాశాల యట్లు తలంపలేదు. అచ్చటఁ జదివిన మాడ్ వుడ్ పార్క్ అను నామె స్త్రీల వోటుహక్కునకై చిరకాలము పాటుపడెను. 1920 ఆగష్టు 26వ తేదీని ఆ హక్కు రాజ్యాంగమున కెక్కెను. సరిగా 23 ఏండ్లకు, అదే తేదీని, ఆ యుద్యమమునకుఁ జెందిన జాబులను, సంఘముల దస్తరములను ఆమె తన కళాశాల కొసఁగెను. నేఁడు హార్వర్డు విశ్వవిద్యాలయమునఁ గల ష్లెసింజర్ గ్రంథాలయమునకు అదియే బీజము. అందు సామాన్య గృహిణుల దినచర్యలును, జాబులును, వంటపుస్తకములును గూడఁ గలవు.

వంటపుస్తకము విశ్వవిద్యాలయమున కేల యని మావారు నవ్విరి. "రాజశాసనము సత్రము గట్టించినవానిని జెప్పును గాని, అందుఁ బొయ్యి రాజేసిన యామెను జెప్పదు గదా" యంటిని. ఆయన మాఱుపలుకలేదు.

మా యత్తగారి పద్దుపుస్తకములోఁ బాలలెక్క ప్రక్కనే బిడ్డలు పుట్టిన తిథులును, మంత్రసాని కిచ్చిన చీర వెలయుఁ గలవు. ఆమె వ్రాఁత మఱెచ్చటను లేదు. దానిని గుడ్డలోఁ జుట్టి దస్తావేజుల నడుమనే యుంచితిని. సోదరీమణులారా! మీ యింటి కాగితములను చెదలకంటె ముందుగా మీరు చదువుఁడు.