కొండమీదికి అద్దె సైకిలు

అద్దె సైకిళ్ళ షాపు మన పల్లెవాళ్ళకు కొత్త కాదు. బస్సు ఆగేచోట ఒక పందిరి, దాని కింద వరుసగా ఆరేడు సైకిళ్ళు, వెనుక మడ్‌గార్డు మీద తెల్లరంగుతో నెంబర్లు. షాపతను నోటుపుస్తకంలో మన పేరు, సైకిలు నెంబరు, బయలుదేరిన టైము రాసుకొనేవాడు. ముఖం కొత్తదైతే "ఎవరబ్బాయివి?" అని అడిగేవాడు. నాన్నగారి పేరు చెబితే చాలు, అదే డిపాజిట్టు. చైను ఊడితే మనమే వేసుకొనేవాళ్ళం గాని, గాలి మాత్రం అతనే కొట్టి ఇవ్వాలి.

హైదరాబాదులో మెట్రో రైలు 2017 నవంబరులో మొదలైనప్పుడు కొన్ని స్టేషన్ల దగ్గర ఇలాంటి సైకిళ్ళే పెట్టారని విని సంతోషించాను. అయితే అక్కడ నోటుపుస్తకమూ ఉండేది కాదు, "ఎవరబ్బాయివి" అనేవారూ ఉండేవారు కాదు. చేతిలో ఫోను ఉండాలి, అందులోనే డబ్బు కట్టాలి, అప్పుడు తాళం వచ్చేది. ఒక స్టాండులో తీసుకొని మరో స్టాండులో వదిలేసే వీలుండేది. రైలు దిగిన తరువాత ఇంటికో పనికో మిగిలిపోయే మైలు, రెండు మైళ్ళ కోసం చేసిన ఏర్పాటు అది. ఆలోచన మంచిదే. 2017లోనే మైసూరులోనూ ఇటువంటి పథకం మొదలైంది.

వాడినవారికి తృప్తి కలిగిందా లేదా అన్నది వేరే సంగతి. ఒకసారి ఒక పట్టణంలో (పేరు అనవసరం) నేనూ అలాంటి సైకిలు తీసుకున్నాను. ఎంత బిగించినా సీటు కిందికి జారుతూనే ఉంది. మోకాళ్ళు గడ్డానికి తగులుతుండగా ఎలాగో చేరితే, అప్పగించవలసిన స్టాండులో ఖాళీ లేదు. ఎవరైనా సైకిలు తీస్తారేమోనని ఎదురు చూస్తూ నిలబడ్డాను. అద్దె మాత్రం నిలబడలేదు, నడుస్తూనే ఉంది. కావలసినప్పుడు సైకిలు ఉండాలి, దిగేచోట ఖాళీ ఉండాలి, బ్రేకులు పడాలి. ఎక్కేవాడు కోరేది ఇంతే. మన షాపతను ఈ మూడూ ఒక్కడే చూసుకొనేవాడు.

బంజారాహిల్స్, జూబ్లీహిల్స్‌లో దీనికి తోడు కొండ ఉంది. ఒకప్పుడు అదంతా బండరాళ్ళ గుట్ట. అక్కడ బంజారాలు ఉండేవారు కాబట్టే ఆ పేరు. ఇప్పుడు వీధులను నెంబర్లతో పిలుస్తారు. పక్కన ఫిల్మ్‌నగర్, స్టూడియోలు, ఎత్తైన ప్రహరీల వెనుక బంగళాలు. ఆ బంగళాల్లో గిన్నెలు తోమేవారు, గేటు కాసేవారు, షూటింగుల్లో లైట్లు మోసేవారు చాలామంది ఉండేది యూసఫ్‌గూడ, కృష్ణానగర్ వంటి దిగువ బస్తీల్లో. పొద్దున్నే పైకి ఎక్కాలి, సాయంత్రం కిందికి దిగాలి. ఎక్కేటప్పుడు గేర్లు ఉన్నా రొప్పు తప్పదు.

పారిస్ నగరంలో 2007లో వేల సైకిళ్ళతో ఇటువంటి పథకమే పెట్టినప్పుడు ఒక చిక్కు వచ్చింది. జనం గుట్టమీది స్టాండుల్లో సైకిలు తీసుకొని హాయిగా జారుకుంటూ దిగేవారు గాని, తిరిగి ఎక్కించేవారు తక్కువ. పైన స్టాండులు ఖాళీ, కింద కిటకిట. బండ్లలో వేసి పైకి చేర్చవలసి వచ్చేది. అప్పుడు వాళ్ళు ఒక ఉపాయం చేశారు. ఎత్తుమీది స్టాండులో సైకిలు అప్పగించినవారికి పదిహేను నిమిషాల సమయం ఉచితంగా కలిపారు. ఎక్కినవాడి చెమటకు వెల కట్టారన్నమాట! ఆ ఆలోచన నాకు బాగా నచ్చింది.

హైదరాబాదులో సైకిలుకు పెద్దపీట వేసిన చోటు లేకపోలేదు. 2023 అక్టోబరులో ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల దారి తెరిచారు. నెత్తిన ఎండ తగలకుండా సౌరఫలకాల కప్పు, ఆ కప్పే కరెంటు కూడా ఇస్తుంది. చూడముచ్చటగా ఉంటుంది. కాని వ్యాయామం కోసం తొక్కేవారికి అది కుదిరినంతగా, కృష్ణానగర్ నుండి కొండమీది వంటింటికి వెళ్ళే ఆమెకు కుదరదు. ఆమె దారి అటు కాదు.

చెక్‌పోస్టు మీదుగా మెట్రో వచ్చిన కొత్తల్లో, 2019లో, ఒక ఉదయం ఆ ఎత్తు దగ్గర నిలబడి ఉన్నాను. ఒక పెద్దాయన పాత సైకిలును తోసుకుంటూ వస్తున్నాడు. హ్యాండిలుకు టిఫిను డబ్బా వేలాడుతోంది. పాలమూరు మనిషి, ఒక బంగళాకు వాచ్‌మెన్. "స్టేషన్ల కాడ అద్దె సైకిళ్ళు దొరుకుతాయట గదా, గేర్లు కూడా ఉంటాయట, తీసుకోరాదా?" అని అడిగాను.

ఆయన సైకిలు ఆపి, తువ్వాలుతో మెడ తుడుచుకొని నవ్వాడు. "ఎక్కి తొక్కేదైతే కిరాయికి తీసుకుందును సారూ. ఈ గడ్డ మీదికి నేను తోసుకుంటనే రావాలె. తోసుడుకు సుత కిరాయి కట్టాల్నా?"

జవాబు చెప్పలేక క్యారియరు పట్టుకొని, మలుపు దాకా ఆయనతోపాటు తోశాను.